అత్త కోసం వేసిన మిరప

(మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు నన్ను మిరప గురించి చెప్పమన్నారు. మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నాకు కనిపిస్తూనే ఉంది. మిరప గురించి మనకి ఒకరు చెప్పాలా? మనది గుంటూరు సీమ. ఊహ తెలిసిన దగ్గర నుంచి మిరప చేలోనే ఉన్నాం. నారు పోశాం. నాట్లు వేశాం. కాయలు కోశాం. కళ్ళంలో ఎండబోశాం. నీడన కూర్చుని తొడిమలు తీశాం. రాత్రి చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చున్నాం. ఏడ్చే పిల్లని ఎత్తుకోవాలంటే భయం. మన చెయ్యి తగిలితే పిల్ల కళ్ళు మండుతాయని.

నిజమే. అదంతా మీకు తెలుసు. కానీ నేను చెప్పేది చేలో మిరప గురించి కాదు. పెరట్లో మిరప గురించి. అదీ కారం మిరప కాదు. కారం తక్కువ ఉండే మిరప. సంతలో బజ్జీల బండి దగ్గర చూస్తారే, లావుగా, పొడుగ్గా, లేత ఆకుపచ్చ రంగులో ఉండే కాయ. అదే బజ్జీ మిరప.

"మిరపకాయలో కారం లేకపోతే ఇంకేముందే?" అన్నాడు మా ఇంటాయన, మొదట్లో. ఏముందో నాకూ అప్పుడు తెలియదు. మా అత్త వల్ల తెలిసింది. ముందు ఆమె సంగతి చెప్తాను.

మా అత్త మంచి తిండిపుష్టి ఉన్న మనిషి. వేడి అన్నంలో గొడ్డుకారం, నూనె కలుపుకుని ముద్ద మీద ముద్ద తినేది. చుట్ట అలవాటు కూడా ఉంది. 2003లో ఆమెకి నోట్లో పుండ్లు లేచాయి. తగ్గుతాయి, మళ్ళీ లేస్తాయి. కారం తగిలితే చాలు, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసింది. చుట్ట మానెయ్యమంది. కారం మానెయ్యమంది. కూరలు బాగా తినమంది. (నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే ఊరుకోకూడదమ్మా. తప్పకుండా చూపించుకోవాలి. చుట్ట, గుట్కా అలవాటు ఉన్నవాళ్ళు మరీను.)

చెప్పడానికేం, మూడు మాటలు. చుట్ట మానిపించడం ఒక యుద్ధం. అది వేరే కథ. కూర సంగతి చూడండి. మా ఇంట్లో అప్పుడు ఎనిమిది మందిమి. నేను పొద్దున్నే కూలికి పోవాలి. ఒక్కరి కోసం విడిగా కూర వండాలి. సరే, వండాను. కారం వెయ్యకుండా సొరకాయ, బీరకాయ వండి పెట్టాను. ఆమె ఒక ముద్ద తిని పళ్ళెం పక్కకి తోసేసింది. "ఈ చప్పిడి కూర నాకొద్దు. నేనేమన్నా బాలింతనా?" అంది. మజ్జిగన్నం తిని పడుకునేది. నాలుగు నెలల్లో మనిషి సగమైంది. జాకెట్టు వదులైపోయింది.

ఒక సంతరోజు మా చిన్నవాడు బజ్జీలు తెచ్చాడు. ఆమె వద్దు వద్దంటూనే పైన ఉన్న శనగపిండి తీసేసి, లోపలి కాయ కొంచెం చిదిమి నోట్లో వేసుకుంది. మేమంతా చూస్తున్నాం. నోరు మండలేదు. ఇంకొంచెం తింది. "మిరపకాయ వాసన వస్తుందే" అంది. ఆ మాట అంటుంటే ఆమె మొహం చూడాలి మీరు. నాలుగు నెలలుగా ఆమె పోగొట్టుకున్నది ఆ వాసన అన్నమాట. కారం కాదు.

అందరి నోరూ ఒకలా ఉండదులెండి. ఆమెకి పడింది కదా అని పుండ్లు ఉన్న ప్రతి వాళ్ళకీ పడుతుందని నేను చెప్పను. ఈ కాయలోనూ ఎంతో కొంత కారం ఉంటుంది.

అసలు కాయలో కారం ఎక్కడుంటుంది? గింజల్లో అంటారు అందరూ. కాదు. కాయ కోసి చూడండి. గింజలు అతుక్కుని ఉండే తెల్లటి కండ కనిపిస్తుంది. కారమంతా పుట్టేది అక్కడే. గింజలకి అది అంటుకుంటుంది కాబట్టి గింజ కారంగా అనిపిస్తుంది. బజ్జీ మిరపని నిలువుగా చీల్చి ఆ తెల్ల కండ, గింజలు తీసేస్తే ఉన్న కాస్త కారం కూడా చాలావరకు పోతుంది. అప్పుడు దాన్ని వంకాయలాగా కూర వండొచ్చు. కారం కాయ ఒకటి కొరికితే చాలు అంటాం. ఇది నాలుగు కాయలు తినొచ్చు. పసిపిల్లలకి కూడా కొద్దిగా కూరలో అలవాటు చెయ్యొచ్చు.

సరే. ఈ మొక్క పెరట్లో ఉంటే బాగుంటుందనుకున్నాను. టౌనుకి పోయి విత్తనాల కొట్లో పొట్లం కొన్నాను. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది 1992లో. ఇద్దరు పిల్లలు పుట్టాక. లాంతరు ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అంతకు ముందైతే కొట్టు ఆయన ఏ పొట్లం ఇస్తే అది తెచ్చుకునేవాళ్ళం. ఆ రోజు పొట్లం తిప్పి చూశాను. చాలా మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. అవి నాకు రావు. కానీ అంకెలు వస్తాయి కదా. పరీక్ష చేసిన తేదీ ఉంది. గడువు తేదీ ఉంది. చూస్తే గడువు దాటి రెండు నెలలైంది. "ఇది పాతదయ్యా, కొత్తది ఇవ్వు" అన్నాను. అతను నా వంక ఒకసారి చూసి, మాట్లాడకుండా లోపలికి పోయి వేరే పొట్లం తెచ్చాడు. అక్కడ నేను గొడవ పడలేదు. గొంతు పెంచలేదు. తేదీ చదివాను, అంతే.

మీరూ చూసుకోండి. మిరప పొట్లం మీద మొలక శాతం రాసి ఉంటుంది. కనీసం 60 ఉండాలి. అంటే వంద గింజలు వేస్తే అరవై అన్నా మొలవాలి. గింజలు ఎర్రగానో, గులాబీ రంగులోనో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. వాటిని నోట్లో పెట్టకూడదు. పిల్లలకి అందనివ్వకూడదు. మిగిలినవి కోళ్ళకి వెయ్యకూడదు.

ఇంకొకటి చూడాలి. పొట్లం మీద హైబ్రిడ్ అనో, ఎఫ్-1 అనో ఉంటే ఆ మొక్క కాయల నుంచి విత్తనం కట్టుకున్నా లాభం లేదు. మొదటి ఏడాది బాగా కాస్తుంది. దాని గింజలు మళ్ళీ వేస్తే ఒక మొక్క ఒకలా, ఇంకో మొక్క ఇంకోలా వస్తాయి. విత్తనం మన ఇంట్లో నిలవాలంటే హైబ్రిడ్ కాని రకం అడిగి తీసుకోవాలి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. అదృష్టం కొద్దీ నేను కొన్నది హైబ్రిడ్ కాదు.

ఆ ఏడాది ఆరు మొక్కలు పెట్టాను. ఆరూ బతికాయి. కార్తీక మాసానికి కాయలు దిగాయి. మా అత్త రోజూ పొద్దున్నే పోయి లెక్కపెట్టేది. కోడి వస్తే తోలేది. పక్కింటి మేక వస్తే పక్కింటి వాళ్ళనే తిట్టేది. కాయలో ఉప్పు, వాము, శనగపిండి కూరి పెనం మీద వేయించి పెడితే రెండు ముద్దలు ఎక్కువ తినేది. కొన్ని కాయలు మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టాం. వేసవి దాకా వచ్చాయి. మనిషి మళ్ళీ కోలుకుంది.

మంచి కాయలు నాలుగు పండనిచ్చి గింజలు తీశాను. మళ్ళీ కొనడం ఎందుకని. గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీశాను. మన అమ్మలు, అమ్మమ్మలు చేసినట్టే చేశాను. రెండో ఏడాది అవే గింజలు వేశాను. మొక్కలు బాగా వచ్చాయి. కాయలు కూడా లావుగానే ఉన్నాయి. కొంచెం పొట్టిగా అనిపించాయి. నేను పట్టించుకోలేదు. మొదటి కోత కోసి, ఎప్పటిలాగే కూరి వేయించి, అత్త పళ్ళెంలో పెట్టి కూలికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మా అత్త నోటికి తడిగుడ్డ పెట్టుకుని ఉంది. కాయ కారంగా ఉంది. మామూలు కారం కాదు, చేలో కాయంత కారం. నన్ను చూసి, "నన్ను చంపాలని చూస్తున్నావా?" అంది. నలుగురిలో అంది.

ఏం చెప్పను? నా చేత్తో నాటిన మొక్క. నా చేత్తో పెట్టిన కూర. "అదే విత్తనం అత్తా" అన్నాను. ఎవరు నమ్ముతారు? మూట మారిపోయిందేమో అని మా ఇంటాయన అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చింది. దూలానికి నాలుగైదు మూటలున్నాయి. చేలో మిరప విత్తనం మూట కూడా అక్కడే ఉంది. ఏ మూట ఏదో దేని మీదా రాసి లేదు. చదువు వచ్చి పదేళ్ళు దాటింది. మూటకి చిన్న చీటీ కట్టాలని తోచలేదు నాకు. అక్షరం ఒకచోట, పని ఒకచోట పెట్టుకున్నాను. పది రోజులు మా అత్త నా చేతి కూర ముట్టలేదు.

తర్వాత మా ఊళ్ళో రైతుల సమావేశం జరిగింది. వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. మగవాళ్ళంతా పురుగు మందుల గురించి అడుగుతున్నారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆఖరికి ధైర్యం చేసి అడిగాను. "అయ్యా, బజ్జీ మిరప విత్తనం వేస్తే కారం మిరప ఎందుకు కాసింది?" కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. పొట్లం మీద హైబ్రిడ్ అని ఉందా అని అడిగాడు. పొట్లం దాచాను కాబట్టి లేదని చెప్పగలిగాను. కాయ ఎలా ఉంది అని అడిగాడు. చెప్పాను. అప్పుడు మళ్ళీ అడిగాడు. "మీ పెరటి పక్కన ఏముందమ్మా?"

పక్కన మా మిరప చేనే ఉంది.

సంగతి అదీ. మిరప పువ్వు తనంతట తానే కాయ కాయగలదు. ఆ పువ్వులో ఆడదీ, మగదీ రెండూ ఉంటాయి. కానీ తేనెటీగలు, చిన్న చిన్న ఈగలు ఆ పువ్వు మీదా ఈ పువ్వు మీదా వాలుతుంటాయి. చేలో కారం మిరప పుప్పొడి వాటి కాళ్ళకి అంటుకుని వచ్చి పెరట్లో బజ్జీ మిరప పువ్వు మీద పడుతుంది. ఆ ఏడాది కాయలో ఏ తేడా ఉండదు. తల్లి మొక్క ఎలాంటిదో కాయ అలాంటిదే. తేడా అంతా లోపల గింజలో ఉంటుంది. కళ్ళకి కనపడదు. ఆ గింజ వేస్తే పుట్టే మొక్కకి తల్లి బజ్జీ మిరప, తండ్రి కారం మిరప. కారం గుణం బలమైనది. పిల్ల మొక్కలో అదే పైకి వస్తుంది. అందుకే కాయ చూస్తే తల్లిలా లావుగా ఉంది, కొరికితే తండ్రిలా ఉంది.

మూట మారలేదు. మూట మారి ఉంటే కాయలు సన్నగా, చేలో కాయల్లాగే ఉండాలి. ఈ మాట ఆయన చేత మా అత్తకి చెప్పించాను. ఆమె అంతా విని, "అయితే ఈ తేనెటీగ పనేనా?" అంది. నాకు సారీ గీరీ ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి నేను పెట్టిన అన్నం తింది. మా ఇంట్లో క్షమాపణ అంటే అదే.

మరి విత్తనం మారకుండా ఎలా కాపాడుకోవాలి? విత్తనాల పంట వేసేవాళ్ళు వేరే మిరపకి కనీసం 200 మీటర్ల దూరంలో వేస్తారు. మన పెరళ్ళకి అంత దూరం ఎక్కడిది? ఒక ఉపాయం ఉంది. పలుచటి గుడ్డ సంచి కట్టాలి. దోమతెర గుడ్డ కంటే సన్న నేత ఉండాలి. గాలి పోవాలి, ఈగ దూరకూడదు. మా అత్త తన పాత ముల్లు చీర చింపి తానే కుట్టింది. ఇంత పొడుగు, మూరెడు ఉండొచ్చు. ముందు మొక్కని ఎంచుకోవాలి. కాయ కొరికి చూసి, కారం లేనిదీ, ఆకు ముడత లేనిదీ, బాగా కాసేదీ చూసుకోవాలి. ఒక్క మొక్క కాకుండా రెండు మూడు మొక్కలు ఎంచుకుంటే మేలు. మొగ్గలున్న కొమ్మ చూసి, దాని మీద విచ్చిన పువ్వులు, అప్పటికే పడిన పిందెలు గిల్లెయ్యాలి. విచ్చని మొగ్గలు మాత్రం ఉంచాలి. సంచి తొడిగి, మూతి దగ్గర దారంతో వదులుగా కట్టాలి. చీమ కూడా దూరకుండా లోపల కొంచెం దూది పెట్టొచ్చు. రోజూ పొద్దున ఒకసారి కొమ్మని మెల్లగా వేలితో తట్టాలి. పుప్పొడి రాలి దాని పువ్వు మీద అదే పడుతుంది. పదిహేను రోజులకి పిందెలు పడతాయి. అప్పుడు సంచి తీసెయ్యొచ్చు. ఆ పిందెల తొడిమకి ఎర్ర దారం కట్టాలి. ఇంట్లో అందరికీ చెప్పాలి, ఎర్ర దారం కాయ కోయొద్దని. మా ఇంటాయన ఒకసారి కోసుకుని పచ్చడి నూరమన్నాడు. ఆయన చదువుకోలేదనుకోండి, దారం చూడటానికి చదువెందుకు?

కాయ చెట్టు మీదే బాగా ఎర్రగా పండాలి. కోశాక రెండు మూడు రోజులు నీడలో ఉంచి, చీల్చి, గింజలు కాగితం మీదకి రాల్చాలి. కారం లేని కాయైనా చేతికి ఎంతో కొంత అంటుతుంది. కళ్ళు నులుముకోవద్దు. చెయ్యి మండితే వట్టి నీళ్ళతో పోదు. ముందు కొంచెం నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మజ్జిగ కూడా పనికొస్తుంది. గింజలు వారం రోజులు నీడలోనే ఆరాలి. మండుటెండలో పెడితే మొలక దెబ్బతింటుంది. గింజ వంచితే పుటుక్కున విరగాలి. అప్పుడు తడి లేని గాజు సీసాలో పోసి మూత గట్టిగా పెట్టాలి. అడుగున రెండు చెంచాల పొడి బూడిద వేస్తే తేమ పట్టదు. ఇలా ఉంచితే రెండేళ్ళు బాగుంటాయి.

సీసా మీద చీటీ అంటించాలి. దాని మీద మూడు మాటలు రాయాలి. ఏ మిరప, ఏ నెల, ఏ సంవత్సరం. నా సీసా ఇదిగో. చదవండి చూద్దాం. "బజ్జీ మిరప. ఫిబ్రవరి." సంవత్సరం మీరే చూసుకోండి. రాత వంకరగా ఉంది, ఏమనుకోవద్దు.

ఇక నారు సంగతి. చేలో నారు పోసేవాళ్ళకి ఇది కొత్త కాదు. కానీ పెరట్లో పది గింజలు వేసేటప్పుడు మనం నిర్లక్ష్యం చేస్తాం. ముందు గింజల్ని పరీక్ష చెయ్యాలి. తడిగుడ్డలో పది గింజలు మడిచి, గుడ్డ ఆరిపోకుండా చూస్తూ పది రోజులు వెచ్చటి చోట ఉంచాలి. ఆరు, ఏడు మొలిస్తే ఆ విత్తనం పనికొస్తుంది. రెండు, మూడు మొలిస్తే వేరే విత్తనం వెతుక్కోవాలి.

ఆరుద్ర కార్తె వెళ్ళాక, అంటే జూలైలో నారు పోసుకోవచ్చు. పగిలిన కుండ, పాత రేకు డబ్బా, రంగుల బకెట్టు ఏదైనా సరే. అడుగున చిల్లులు ఉండాలి. అది మరిచిపోవద్దు. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వెయ్యకూడదు, వేరు మాడిపోతుంది. గింజకీ గింజకీ రెండు వేళ్ళ సందు ఉంచి, చిటికెన వేలి గోరంత లోతున వెయ్యాలి. పైన పలుచగా మట్టి చల్లి, ఎండుగడ్డి కప్పాలి. నీళ్ళు చేత్తో చిలకరించాలి, చెంబుతో పొయ్యకూడదు. వారం పది రోజుల్లో మొలక వస్తుంది. మొలక కనిపించగానే గడ్డి తీసెయ్యాలి. తియ్యకపోతే మొలక పొడుగ్గా, తెల్లగా సాగి పడిపోతుంది.

నేను మొదట్లో చేసిన తప్పు నీళ్ళు. ప్రేమ ఎక్కువై పొద్దున, సాయంత్రం పోసేదాన్ని. నారు మొదట్లో కుళ్ళి, దారంలా సన్నబడి, ఒక్కొక్కటీ వాలిపోయింది. దాన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. గింజలు ఒత్తుగా వేసినా, తడి ఎక్కువైనా అది వస్తుంది. పైమట్టి ఆరినట్టు కనిపిస్తేనే, అదీ పొద్దున పూటే, నీళ్ళు పొయ్యండి.

ఐదారు వారాలకి నారు జానెడు లోపు పెరుగుతుంది. అప్పుడు సాయంత్రం చల్లబడ్డాక పీకి, మూరెడు దూరంలో నాటుకోవాలి. రోజుకి ఐదారు గంటలు ఎండ తగిలే చోటు కావాలి. నీళ్ళు నిలవకూడదు. వంటింటి నీళ్ళు పోయే కాలవ గట్టు మీద నాటొచ్చు గానీ, సబ్బు నీళ్ళు మాత్రం మళ్ళించకండి. నెలకొకసారి రెండు గుప్పెళ్ళ ఎరువు మొదట్లో వేసి గొప్పు తవ్వితే చాలు. యూరియా వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, కాయ రాదు. నాటిన రెండు నెలలకి మొదటి కాయలు కోసుకోవచ్చు.

నీళ్ళ గురించి ఒక చిన్న సంగతి. నీళ్ళకి మొహం వాచిన మొక్క కాయ కారం పెరుగుతుంది. విత్తనం మంచిదే అయినా సరే. కాబట్టి మన మొక్కకి ఎండిపోయేదాకా చూడకూడదు, ముంచెయ్యకూడదు. ఎండలు ముదిరి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. అది జబ్బు కాదు. కంగారు పడి మందు కొట్టకండి.

మందు అంటే గుర్తొచ్చింది. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి.

మిరపకి ఆకు ముడత వస్తుంది. ఆకు పైకి పడవలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన చేలు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో మీకు తెలుసు. అప్పులు ఎవరికెంత మిగిలాయో కూడా తెలుసు. పెరట్లో మొక్కకి ముడత కనిపించగానే మగవాళ్ళు ఏం చేస్తారు? చేలో కొట్టగా మిగిలిన మందు ఒక మూత పోసి కొట్టేస్తారు. మా ఇంటాయనా అదే చెయ్యబోయాడు. నేను డబ్బా చేతిలోంచి తీసుకుని చూశాను. డబ్బా మీద నాలుగు పలకల గుర్తు ఉంటుంది. సగం రంగు వేసి ఉంటుంది. ఎరుపు రంగైతే అన్నిటికంటే ఘోరమైన విషం. తర్వాత పసుపు. తర్వాత నీలం. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. తక్కువైనా అదీ విషమే. ఆ డబ్బా మీద ఎరుపు ఉంది. పేరు కూడబలుక్కుని చదివాను. మోనోక్రోటోఫాస్. దాన్ని కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. చేలో కాయ ఎండబెట్టి అమ్ముతాం. పెరట్లో కాయ సాయంత్రం కోసి రాత్రికి తింటాం. అదీ నోట్లో పుండ్లు ఉన్న మనిషి తింటుంది. "ముందు నా మీద కొట్టు, తర్వాత మొక్క మీద కొట్టు" అన్నాను. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

మరి ఏం చెయ్యాలి? రోజూ ఆకు తిప్పి చూడాలి. పది మొక్కలు చూడటానికి ఎంతసేపు? ముడత ఒకటి రెండు కొమ్మలకే ఉంటే తుంచి దూరంగా పారెయ్యాలి. మొక్కంతా గిడసబారి, ఆకులు చిన్నవైపోయి, పసుపు తిరిగితే అది వైరస్ తెగులు. దానికి మందు లేదు. జాలిపడకుండా పీకెయ్యాలి. మిగతా పురుగులకి వేపగింజల కషాయం చేసుకోవచ్చు. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో కట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలపాలి. సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా చల్లాలి. వారానికొకసారి చల్లొచ్చు. పురుగు మొదట్లో ఉంటే బాగా పనిచేస్తుంది. ముదిరిపోయాక చల్లి, పనిచెయ్యలేదని వేపని తిట్టకండి.

పురుగు మందు డబ్బాలు ఖాళీ అయ్యాయి కదా అని కడిగి నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మన వీధిలోనే ఉన్నారు. పేరు చెప్పను. వద్దమ్మా. నారు పోసుకోవడానికి కూడా వద్దు.

మీరు ఒక మాట అడగొచ్చు. మన తాతల కాలం నుంచీ కారం తింటున్నాం, ఇప్పుడు ఈ చప్పిడి మిరప ఎందుకు అని. అసలు మిరపే మనది కాదు. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1498లో పోర్చుగీసు వాళ్ళ ఓడలు మన దేశానికి వచ్చాయి. ఆ తర్వాతే వాళ్ళ వెంట మిరప వచ్చింది. అంతకు ముందు మన వంటలో కారమంటే మిరియాలే. మన పక్కన కర్ణాటకలో బ్యాడగి మిరప ఉంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. వాళ్ళూ మిరపే తింటున్నారు కదా. మిరపంటే మంటే ఉండాలని రూలు ఎక్కడా లేదు.

మా అత్త 2011లో పోయింది. అప్పటిదాకా ప్రతి ఏడాదీ సంచి ఆమే కట్టేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "నువ్వు కడితే మళ్ళీ మారిపోతుంది" అనేది. ఇప్పుడు మా మనవరాలు కడుతుంది. దానికి ఏడేళ్ళు. దానికి బడిలో పువ్వు భాగాలు చెప్పారట. నాకు పాఠం చెప్తుంది.

ఇవాళ నేను విత్తనం తెచ్చాను. ఈ సీసాలోవే. పోయిన వారం పది గింజలు తడిగుడ్డలో పెట్టి చూశాను. ఎనిమిది మొలిచాయి. ఒక్కొక్కరికి ఇరవై గింజలు ఇస్తాను. కాగితాలు అక్కడున్నాయి, పెన్సిళ్ళు ఇక్కడున్నాయి. పొట్లం మీద ఎవరిది వాళ్ళే రాసుకోండి. బజ్జీ మిరప అని, ఈ నెల, ఈ సంవత్సరం. "జ్జ" దగ్గర తడుముకునేవాళ్ళు పక్కవాళ్ళని అడగండి. పక్కింట్లో కారం మిరప ఎవరు వేశారో కూడా ఇప్పుడే కనుక్కోండి. సంచి గుడ్డ కావాల్సినవాళ్ళు కార్తీక మాసంలో మా ఇంటికి రండి. అత్త చీర ఇంకా సగం మిగిలింది.